మాన్యువల్‌ని కిండిల్‌లోకి ఎక్కించే ముందు

మేం ఆఫీసులో రోజూ వాడే టూల్ ఒకదానికి ఈమధ్య కొత్త వెర్షన్ వచ్చింది. దాంతోపాటే డౌన్‌లోడ్ పేజీలో ఉండే ఈపబ్ లింకు, అంటే మాన్యువల్‌ని ఈ-పుస్తకంగా దించుకునే లింకు, పోయింది. రిలీజ్ నోట్స్ అడుగున కారణం కూడా రాశారు: దించుకునేవాళ్ళు తక్కువ, ఆ ఫైలు సరిగ్గా వస్తోందో లేదో చూసే మనిషి లేడు, అందుకే ఆపేస్తున్నాం. చదవగానే ఉసూరుమనిపించింది. తర్వాత నా దగ్గరున్న పాత ఈపబ్ తెరిచి చూశాను. ప్రతి పేజీ నెత్తిన ముందుకు, వెనక్కి, పైకి అంటూ లింకులు. విషయసూచికలో అధ్యాయమా, ఉపశీర్షికా, ఫంక్షన్ పేరా అన్న తేడా లేకుండా అన్నీ ఒకే వరసలో. మూడో అధ్యాయం మధ్యలో 'ఈ పేజీ మీకు ఉపయోగపడిందా?' అని అడుగుతూ అవును, కాదు అని రెండు బటన్లు. నొక్కితే ఏమీ జరగదు. ఇలా ఉంటే ఎవరు దించుకుంటారు? వెబ్‌సైటుని మూటగట్టి పుస్తకం అని పేరు పెట్టినంత మాత్రాన అది పుస్తకం అయిపోదు.

దీనిమీద నాకు చాన్నాళ్ళుగా ఒక అభిప్రాయం ఉంది. ఇప్పుడు తీరిగ్గా విడమరిచి రాస్తున్నాను. సాఫ్ట్‌వేర్ డాక్యుమెంటేషన్‌లో కొంత భాగం కూర్చుని మొదటినుంచి చివరిదాకా చదవాల్సిందే. దానికి కిండిల్ లాంటివాటిలో ఉండే, కాగితంలా కనిపించే ఈ-ఇంక్ తెర చాలా బాగుంటుంది. కానీ అక్కడికి చేర్చే పనిని మనం ఫైల్ కన్వర్షన్ అనుకుంటాం, చిక్కంతా అక్కడే. అది ఎడిటర్ చేయాల్సిన పని. సబ్జెక్టు తెలిసిన మనిషి కూర్చుని ఏది ఉంచాలి, ఏది తీసేయాలి అని తేల్చాలి. ఆ ఓపిక లేనప్పుడు బ్రౌజర్లో చదువుకోవడమే మేలు.

వెతికితే దొరకనిది

మా ఆఫీసు తిరుపతి ఎయిర్ బైపాస్ రోడ్డులో. లాడ్జీలకు, చిన్న హోటళ్ళకు రూముల బుకింగ్, బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చేసిపెడతాం. వివరాలు దాచడానికి వాడే డేటాబేస్ పోస్ట్‌గ్రెస్. పనిమీద బెంగళూరు పోయిరావడం నాకు మామూలే. చిత్తూరు, పలమనేరు, ముళబాగిలు మీదుగా బస్సులో ఐదారు గంటలు పడుతుంది. మొగిలి ఘాట్ వచ్చేసరికి నా సిమ్‌కి సిగ్నల్ పోతుంది. పోస్ట్‌గ్రెస్ డాక్యుమెంటేషన్ నేను చదివిందంతా దాదాపుగా ఆ దారిలోనే.

ఆ మాన్యువల్‌ని పీడీఎఫ్‌గా తీస్తే రెండున్నర వేల పేజీలు దాటుతుంది. మొత్తం చదివేవాళ్ళు ఉండరు, ఉండక్కర్లేదు కూడా. అందులో డేటా టైప్స్ అధ్యాయం చివరి భాగంలో రేంజ్ టైప్స్ అని ఒక సెక్షన్ ఉంది. ఇంత సమయం నుంచి ఇంత సమయం దాకా అనే కాలాన్ని ఒకే విలువగా ఒక కాలమ్‌లో దాచుకోవచ్చని చెప్పే సెక్షన్. 2012లో 9.2 వెర్షన్‌తో వచ్చిన సదుపాయం ఇది. అక్కడ వాళ్ళు ఇచ్చిన ఉదాహరణ చూసి నేను బస్సులో నవ్వుకున్నాను. రూము రిజర్వేషన్! 123ఏ రూముని ఒకరు మధ్యాహ్నం రెండు నుంచి మూడు దాకా తీసుకున్నారు. అదే రూముని ఇంకొకరు రెండున్నర నుంచి మూడున్నర దాకా అడిగితే డేటాబేసే ఒప్పుకోదు, ఎర్రర్ ఇస్తుంది. 123బీ అడిగితే ఇస్తుంది. టేబుల్‌కి ఎక్స్‌క్లూజన్ కన్‌స్ట్రెయింట్ అనే నిబంధన ఒకటి జతచేస్తే చాలు. ఆ నిబంధన 2010 నుంచీ ఉంది.

దాని అవసరం బ్రహ్మోత్సవాల్లో పడింది. లీలామహల్ సెంటర్ దగ్గరి లాడ్జీ, పేరెందుకులెండి. అంతకుముందు ఎవరో రాసిచ్చిన సాఫ్ట్‌వేర్ వాడుతూ, అది మాకు అప్పగించి కొన్ని వారాలే అయింది. గరుడసేవ రోజు మేనేజరు ఫోన్. "ఏంది సార్ మీ సాఫ్ట్‌వేరు? ఒకే రూము ఇద్దరికిస్తా ఉంది." వెళ్ళి చూస్తే తణుకు నుంచి వచ్చిన కుటుంబం కౌంటరు ముందు సూట్‌కేసుల మీద కూర్చుని ఉంది. వాళ్ళకిచ్చిన రూములో అప్పటికే వేరేవాళ్ళు స్నానాలు చేసి కొండకు బయల్దేరుతున్నారు. ఇద్దరి చేతుల్లోనూ రసీదులున్నాయి, రెండూ సరైనవే.

పాత కోడ్ చేసే పని ఇదీ: ముందు రూము ఖాళీగా ఉందా అని డేటాబేస్‌ని అడుగుతుంది, ఉంది అంటే బుకింగ్ రాస్తుంది. అడగడానికీ రాయడానికీ మధ్య సందు ఉంది. రెండో కౌంటర్లో మనిషి అదే ప్రశ్న అడిగి అదే జవాబు విన్నాడు. మామూలు రోజుల్లో ఆ సందులో ఎవరూ పడరు. గరుడసేవ నాడు పడతారు.

సాయంత్రం ఆఫీసులో తర్జనభర్జన. మా టీమ్‌లో కుర్రాడు ఒకతను చంద్రగిరి అబ్బాయి, చురుకైనవాడు. "బుకింగ్ చేసేటప్పుడు టేబుల్ మొత్తం లాక్ చేసేద్దాం నా" అన్నాడు. వెతికితే ముందు దొరికే జవాబు అదే. కానీ రద్దీ రోజున అలా చేస్తే ప్రతి కౌంటరూ ఇంకో కౌంటరు కోసం కాచుకుంటుంది. నేను బ్యాగులోంచి కిండిల్ తీసి ఆ పేజీ చూపించాను. రెండుసార్లు చదివి, "ఇది మన కోసమే రాసినట్టుండాది నా" అన్నాడు. రూము నంబరుని, కాలాన్ని కలిపి ఒకే నిబంధనలో పెట్టాలంటే బీట్రీ-జిస్ట్ అనే ఎక్స్‌టెన్షన్ వేసుకోవాలని అక్కడే రాసి ఉంది. రేంజ్ మామూలుగా మొదటి క్షణాన్ని కలుపుకొని, చివరి క్షణాన్ని వదిలేస్తుందని కూడా ఉంది. మాకు అది ముఖ్యం. ఇక్కడి లాడ్జీల్లో చాలావాటికి ఇరవై నాలుగు గంటల చెకవుట్ పద్ధతి. పది గంటలకు ఒకరు ఖాళీ చేస్తే అదే పది గంటలకు ఇంకొకరికి రాయాలి, డేటాబేస్ దాన్ని గొడవగా చూడకూడదు.

ఆ రాత్రి ఆ కుర్రాడే నాకొక స్క్రీన్‌షాట్ పంపాడు. ఏఐ చాట్‌లో అడిగితే మొదటి జవాబులోనే ఇదే కన్‌స్ట్రెయింట్ వచ్చిందట. కింద ఒక నవ్వు బొమ్మ. నా వాదనకి ఇది గట్టి దెబ్బే, ఒప్పుకోవాలి. అయితే అతను అడిగిన ప్రశ్న చదివాను: రెండు కాలాలు ఒకదానిమీద ఒకటి పడకుండా డేటాబేస్ స్థాయిలోనే ఆపే మార్గం ఉందా అని. సాయంత్రం దాకా ఆ ప్రశ్న అతని దగ్గర లేదు, ఆ పేజీ చదివాక పుట్టింది. ఒక సదుపాయం ఉందని తెలియనివాడు దాని పేరు పెట్టి వెతకలేడు. రేపు ఆ యంత్రం ఇంకా తెలివిమీరి 'ఒకే రూము ఇద్దరికిస్తా ఉంది' అన్న ఫిర్యాదు నుంచే నేరుగా అక్కడికి చేరవచ్చు. చేరితే సంతోషం. ఆ జవాబు మన చెకవుట్ పద్ధతికి నప్పుతుందా అని తూచాల్సింది మాత్రం మనమే. ఈ విషయంలో నేను గెలిచానని అనుకోను. చదవడం వల్ల వచ్చేదేదో ఒకటి ఉందని మాత్రం అనుకుంటున్నాను.

ఆరంగుళాల తెర మీద ఏమేం పాడవుతాయి

ముందు పీడీఎఫ్ సంగతి. చాలామంది చేసేది ఇదే: మాన్యువల్ పీడీఎఫ్ దించి కిండిల్‌కి పంపడం, ఒక పేజీ చూసి విసుక్కుని మూసేయడం. ఏ4 కాగితం వెడల్పు 21 సెంటీమీటర్లు. ఆరంగుళాల తెర వెడల్పు తొమ్మిది దగ్గర. పది పాయింట్ల అక్షరం నాలుగు పాయింట్లకు కుంచించుకుపోతుంది. పెద్దది చేస్తే ప్రతి లైనుకీ అటూ ఇటూ జరపాలి. కే2పీడీఎఫ్ఆప్ట్ అనే టూల్ పేజీని ముక్కలుగా కోసి తెరకు తగ్గట్టు తిరిగి పేరుస్తుంది. మామూలు వచనానికి బాగా పనిచేస్తుంది, పట్టికల దగ్గర తేలిపోతుంది.

పీడీఎఫ్ నుంచి ఈపబ్‌కి మారిస్తే ఇంకో తంటా. పీడీఎఫ్‌కి పేరాగ్రాఫ్ అంటే తెలియదు, ఏ అక్షరం కాగితం మీద ఎక్కడ పడాలో మాత్రమే తెలుసు. మార్చేటప్పుడు లైన్ల మొదట్లో ఉండే ఖాళీలు ఎగిరిపోతాయి. వేరే ప్రోగ్రామింగ్ భాషల్లో కోడ్ అందవికారంగా తయారవుతుంది, అంతే. పైథాన్‌లో ఆ ఖాళీలే వ్యాకరణం. ఏ లైను లూప్ లోపలిదో ఏది బయటిదో ఇక చదివేవాడికి తెలిసే దారి లేదు. మార్చడానికి అతి అధ్వాన్నమైన ఫార్మాట్లలో పీడీఎఫ్ ఒకటని, ఈ-పుస్తకాల ఫార్మాట్లు మార్చే కాలిబర్ టూల్ మాన్యువలే చెప్తుంది. అమ్మేవాడే వద్దంటుంటే కొనడం ఎందుకు?

ఇక్కడ ఒక చిన్న పక్కదారి. ఈ పనికి అందరూ వాడే టూల్స్ రెండు, కాలిబర్, పాన్‌డాక్. రెండూ 2006లో మొదలయ్యాయి. కోవిద్ గోయల్ తన సోనీ రీడర్ లైనక్స్‌తో పనిచేయక కాలిబర్‌కి పునాది వేశాడు. పాన్‌డాక్ రాసిన జాన్ మెక్‌ఫార్లేన్ బర్క్‌లీలో ఫిలాసఫీ ప్రొఫెసర్. పుస్తకాల వ్యాపారంతో సంబంధం లేని ఇద్దరు తమ అవసరానికి రాసుకున్నవి ఇప్పటికీ మనల్ని మోస్తున్నాయి. మొదటి కిండిల్ వచ్చింది ఆ మరుసటి ఏడాది, 2007లో.

ఈపబ్‌లో గుట్టేమీ లేదు. ఫైలు పేరు చివర జిప్ అని మార్చి తెరిస్తే లోపల వెబ్ పేజీలు, వాటి రూపురేఖలు చెప్పే ఒక సీఎస్‌ఎస్ ఫైలు, విషయసూచిక కనిపిస్తాయి. వెబ్ పేజీ రాయడం వచ్చినవాళ్ళెవరైనా సరిచేసుకోవచ్చు. 2022 నుంచి కిండిల్‌కి ఈపబ్‌నే నేరుగా పంపొచ్చు కాబట్టి మోబీ అనే పాత కిండిల్ ఫార్మాట్‌లోకి మార్చే నడిమి మజిలీ కూడా తప్పింది. మరి అంత సులువైతే ఎందుకు పాడవుతుంది? కోడ్ వల్ల.

పైథాన్ రాసేవాళ్ళు లైనుకి 79 అక్షరాలు దాటకూడదని పాటిస్తారు. నా కంటికి సరిపడే సైజులో, కిండిల్‌ని నిలువుగా పట్టుకుంటే యాభై అక్షరాలు పట్టడం కష్టం. మిగతాది కుడి అంచు దగ్గర తెగిపోతుంది, లేదా మడత పడి కింది లైనుకి వస్తుంది. తెగితే కనీసం తెగిందని తెలుస్తుంది. మడత పడితేనే ప్రమాదం. ఒకసారి నేను పంపిన ఫైలులోంచి చూసి ఒక కమాండ్ టైపు చేస్తూ మా చంద్రగిరి కుర్రాడు గంటసేపు కొట్టుకున్నాడు. ఏంటా అని చూస్తే, ఆప్షన్ ముందుండే రెండు గీతలు ఒక లైను చివర పడ్డాయి, ఆప్షన్ పేరు తర్వాతి లైను మొదట పడింది. ఆ గీతల్ని పదం విరిచిన గుర్తు అనుకుని అతను వదిలేశాడు. పుస్తకాలు చదివే అలవాటున్న ఎవరైనా అలాగే అనుకుంటారు.

దీనికి మందు ఉంది. మడత పడిన ముక్క లోపలికి జరిగి మొదలయ్యేలా సీఎస్‌ఎస్‌లో రాయాలి, అప్పుడు అది కొత్త లైను కాదని కంటికి తెలుస్తుంది. అలా కుదరాలంటే కోడ్‌లో ప్రతి లైనూ విడి ట్యాగులో ఉండాలి. పాన్‌డాక్ రంగులేసిన కోడ్‌ని అలాగే ఇస్తుంది, అందుకే నాకది ఇష్టం. రంగులు మాత్రం తీసేయాలి. మామూలు నలుపు-తెలుపు ఈ-ఇంక్‌లో ఉన్నవి పదహారు బూడిద ఛాయలు. వెబ్‌లో లేత ఆకుపచ్చగా ముద్దొచ్చే కామెంట్ ఇక్కడ కాగితం రంగులో కలిసిపోతుంది. పాన్‌డాక్‌లో మోనోక్రోమ్ అనే స్టైల్ ఉంది, రంగు బదులు బొద్దు, వాలు అక్షరాలు వాడుతుంది.

ఇక ఈ కాలపు డాక్యుమెంటేషన్ సైట్లు ఉన్నాయి చూశారూ, లైనక్స్, మ్యాక్, విండోస్ అని మూడు ట్యాబులు పెట్టి ఒకటి నొక్కితే మిగతా రెండు దాక్కునేవి. ఈపబ్‌లోకి వచ్చేసరికి మూడూ వరసగా, ఏది దేనికో పేరు లేకుండా వచ్చిపడతాయి. కొన్ని సైట్లలో పేజీ మొత్తం జావాస్క్రిప్టే అల్లుతుంది. వాటిని దించితే చేతికి ఖాళీ ఫైలు వస్తుంది. అలాంటివాటితో నేను కుస్తీ పట్టను.

తీసేసే పని

పై తంటాలన్నీ పడ్డాక కూడా చేతికొచ్చేది శుభ్రమైన మూట, అంతే. పుస్తకం కావాలంటే తీసేయాలి.

పోస్ట్‌గ్రెస్ మాన్యువల్ భాగాలుగా ఉంటుంది. నేను ఉంచుకున్నది రెండో భాగం, అంటే డేటాబేస్‌తో మాట్లాడే ఎస్‌క్యూఎల్ భాష, దాదాపు మొత్తం. అందులో 13వ అధ్యాయం, ఒకేసారి చాలామంది రాసేటప్పుడు డేటాబేస్ ఏం చేస్తుందో చెప్పేది, బస్సులో చదవడానికే రాశారేమో అనిపిస్తుంది. మూడో భాగంలో వ్యాక్యూమ్ (పాత చెత్త డేటా ఊడ్చే పని), బ్యాకప్, మానిటరింగ్. ఏడో భాగంలో డేటా డిస్కు మీద ఎలా కూర్చుంటుందో చెప్పే కొన్ని పేజీలు. కమాండ్ల రిఫరెన్సు ఉన్న ఆరో భాగం మొత్తం తీసేశాను, అది బ్రౌజర్లో వెతుక్కునేది. రిలీజ్ నోట్స్ తీసేశాను. ఐదు కాలమ్‌ల పట్టికలు ఉన్నచోట ఒక్కో వరసని ఒక్కో చిన్న పేరాగా మార్చాను. బయటి లింకులు తెంపేశాను. మాన్యువల్ మూలం డాక్‌బుక్ అనే మార్కప్ ఫార్మాట్‌లో ఉంటుంది కాబట్టి ఈ కోతలన్నీ అక్కడే చేసి పాన్‌డాక్‌కి ఇస్తే సరిపోతుంది, ఈపబ్ లోపల చేతులు పెట్టక్కర్లేదు.

పైథాన్ వాళ్ళు రెడీమేడ్ ఈపబ్ ఇస్తారు. వాళ్ళ డాక్యుమెంటేషన్ కోసమే 2008లో పుట్టిన స్ఫింక్స్ అనే టూల్‌కి ఈపబ్ తీయడం ఒక్క కమాండ్ పని. కానీ వచ్చేది లైబ్రరీ రిఫరెన్సుతో సహా మొత్తం గంప. ట్యుటోరియల్, డేటా మోడల్ అధ్యాయం, హౌటూ వ్యాసాలు ఉంచి మిగతావి సూచికలోంచి తీసేసి మళ్ళీ తీస్తే రెండు బెంగళూరు ప్రయాణాలకు సరిపడే మంచి పుస్తకం.

తొందరగా మారేవాటి జోలికి పోను. పోస్ట్‌గ్రెస్‌కి ఏడాదికొక పెద్ద వెర్షన్ వస్తుంది, ఒక్కోదానికీ ఐదేళ్ళు సపోర్టు ఉంటుంది. మూలసూత్రాల అధ్యాయాలు వెర్షన్ మారినా పెద్దగా మారవు. ఫైలు పేరులో వెర్షన్ నంబరు ఉంటే చాలు. నెలనెలా రూపం మార్చే జావాస్క్రిప్ట్ ఫ్రేమ్‌వర్కు మీద ఇంత శ్రమ దండగ.

ఇక్కడే నన్ను ఇబ్బంది పెట్టే ప్రశ్న ఒకటి ఉంది. ఏది తీసేయాలో చెప్పడానికి నేనెవర్ని? చిత్తూరులో మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో సర్వర్లు చూసుకునే స్నేహితుడు నా పోస్ట్‌గ్రెస్ ఫైలు తీసుకున్నాడు. తోతాపురి సీజన్లో అక్కడ రాత్రింబవళ్ళు పని, వాళ్ళకి సర్వరు ఆగకూడదు. "రేంజులూ గీంజులూ నాకెందుకబ్బా, ఎవరు యాడినుంచి లాగిన్ కావచ్చో చెప్పే చాప్టరు యాడ?" అని అడిగాడు. అది నా ఫైల్లో లేదు. నాకు అక్కర్లేదు, అతనికి కావాల్సింది అదే. అతని పుస్తకం వేరు, నాది వేరు.

దీన్నుంచి నాకు తోచింది ఏమిటంటే, తయారీదారులు అందరికీ ఒకే ఈపబ్ ఇవ్వాలని మనం పట్టుబట్టడంలో పెద్ద అర్థం లేదు. ఆ లింకు తీసేసిన టూల్ వాళ్ళ మీద కూడా నాకిప్పుడు ఫిర్యాదు లేదు. మూలం ఫైళ్ళు అందరికీ దొరికేలా ఉంచితే చాలు. లైనక్స్ కెర్నల్ వాళ్ళు సోర్సుతో పాటే డాక్యుమెంటేషన్ పెట్టి, దాంట్లోంచి ఈపబ్ తీసుకునే కమాండ్ కూడా ఇస్తారు. కావాల్సినవాడు కావాల్సినంత కోసుకుంటాడు. డాక్యుమెంటేషన్ మూలాన్ని లోపల దాచుకుని, తళతళలాడే సైటు మాత్రం బయట పెట్టేవాళ్ళ మీదే నా కోపమంతా.

కిండిల్ లేనివాళ్ళు

మా ఆఫీసులో చేరిన ఒకమ్మాయి రోజూ పుత్తూరు నుంచి రైల్లో వస్తుంది. పది దాకా తెలుగు మీడియం, ఇక్కడే పద్మావతి మహిళా యూనివర్సిటీలో ఎంసీఏ. పదివేలు పైన పెట్టి చదవడానికి మాత్రమే పనికొచ్చే పరికరం కొనమని ఆమెతో ఎవరు చెప్పగలరు? నేనిచ్చిన ఈపబ్‌ని ఫోన్‌లో వేసుకుని, నెట్ ఆపేసి చదువుతుంది. "నెట్ ఉంటే వాట్సాప్ మోగతానే ఉంటాది సార్" అంది. తెలియని ఇంగ్లీషు మాట మీద వేలు నొక్కిపెడితే అర్థం వస్తుంది. వెబ్ పేజీలో ఆమె వేగం నాకంటే తక్కువ, పుస్తకంగా ఇచ్చాక కూడా తక్కువే, కానీ ఆగిన చోటునుంచి మళ్ళీ మొదలుపెడుతుంది. సైటులో ఆగిన చోటు గుర్తుండదు, నాలుగు లింకులు నొక్కాక ఎక్కడ మొదలుపెట్టామో కూడా గుర్తుండదు. ఇదంతా చూశాక ఈ-ఇంక్ గురించి నేను చేసే బోధ కాస్త తగ్గించాను. కళ్ళకు హాయి, నిజమే. అంతకంటే ముఖ్యం మొదలూ చివరా ఉన్న ఫైలు.

ఆమె కోసం ప్రతి అధ్యాయం మొదట్లో తెలుగులో పది లైన్లు రాసి పెట్టాను: ఇందులో ఏముంది, ఏది వదిలేసినా ఫర్వాలేదు, మన సాఫ్ట్‌వేర్‌లో ఇది ఎక్కడ తగులుతుంది. రాయడం కంటే చూపించడం కష్టమైంది. ఒక పాత రీడింగ్ యాప్‌లో అక్షరం కింద ఉండాల్సిన వత్తు పక్కకొచ్చి నిలబడింది. 'వ్యాక్యూమ్' అన్న మాట చదవడానికే వీల్లేకుండా తయారైంది. యాప్ మార్చి, ఈపబ్‌లోనే నోటో తెలుగు ఫాంటు పెట్టాక దారికొచ్చింది. కిండిల్ స్టోరులో 2016లో ఐదు భారతీయ భాషల పుస్తకాలు మొదలైనప్పుడు హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం ఉన్నాయి, మనది లేదు. ఆ సంగతి తలచుకున్నప్పుడల్లా చిన్న టెన్షన్: నేను రాసిన ఆ పది లైన్లు ఎవరి పరికరంలో ఎలా కనిపిస్తాయో అని.

ఇంకా కొన్ని గొణుగుళ్ళు

కిండిల్ మీది కోడ్‌ని కాపీ చేసి టెర్మినల్‌లో అతికించలేం కదా అంటారు. అవును. నాకది లోటుగా అనిపించదు, చదివేటప్పుడు నేను కోడ్ నడపను. నడపాలనిపిస్తే అది చదవాల్సిన పేజీ కాదు, లాప్‌టాప్ ముందు పెట్టుకోవాల్సిన పేజీ.

ఫైలు పంచుకోవడం గురించి ఒక్క మాట. పోస్ట్‌గ్రెస్, పైథాన్ లైసెన్సులు ఉదారమైనవి, మార్చి ఇచ్చినా ఇబ్బంది లేదు. గ్నూ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టు వాళ్ళ మాన్యువళ్ళకు ఉండే ఎఫ్‌డీఎల్ లైసెన్సు అయితే, కాపీతో పాటు లైసెన్సు పాఠాన్నీ చేర్చమంటుంది. కాబట్టి తీసేసే ఉత్సాహంలో దాన్ని తీయకూడదు. కంపెనీల సొంత డాక్యుమెంటేషన్ సంగతి వేరు. నా వరకు చదువుకుంటాను గానీ కాలేజీ వాట్సాప్ గ్రూపుల్లోకి తోయను, ఎవరడిగినా సరే.

ఇక సమయం. ఒక మాన్యువల్‌ని ఇలా తయారు చేయడానికి రెండు ఆదివారాలు పోతాయి. ఆ రెండు ఆదివారాల్లో నేరుగా చదివేస్తే అయిపోదా అని అడిగితే నా దగ్గర గట్టి జవాబు లేదు. కోతలు వేసేటప్పుడు ప్రతి సెక్షనూ ఒకసారి చూడక తప్పదు కాబట్టి సగం చదువు అక్కడే అయిపోతుంది. మిగతా సగం ఇంకొకరికి ఉపయోగపడితే గిట్టుబాటు, లేకపోతే లేదు.

పోయిన వారం ఇంజిన్‌ఎక్స్ అనే వెబ్ సర్వర్ డాక్యుమెంటేషన్ కూడా ఇలా చేసిపెట్టమని అడిగారు. చూశాను. అందులో అత్యధిక భాగం మాడ్యూల్ వారీగా డైరెక్టివ్‌ల (సెట్టింగుల) జాబితా, ఒక్కొక్కటి ఏం చేస్తుంది, డిఫాల్టు ఎంత అని. అది వరసగా చదివేది కాదు, పుస్తకం చేయనని చెప్పాను. ఒక రిక్వెస్టు వచ్చాక ఏ సర్వర్ బ్లాక్‌కి పోవాలో ఇంజిన్‌ఎక్స్ ఎలా తేల్చుకుంటుందో వివరించే వ్యాసం, సర్వర్ పేర్ల మీది వ్యాసం, కొత్తవాళ్ళ గైడు, ఇలాంటివి కొన్ని ఉన్నాయి. వాటిని మాత్రం కలిపి చిన్న ఈపబ్ చేసి ఇచ్చాను. రేణిగుంట దాటి పుత్తూరు చేరేలోపు ఒక వ్యాసమైనా అయిపోతుంది.